డాక్టరక్క ఇచ్చిన మందు

నేనొక మనిషికి ఇవ్వకూడని మందు ఇచ్చాను. అడగవలసిన చోట, అడగవలసినవాళ్లు అడిగారు. చెప్పలేదు. పదేళ్లుగా నేను మోస్తున్న బరువు ఇదే. రాసి చూస్తే మూడు ముక్కలు. ఈ మూడు ముక్కల్నే మింగలేక కక్కలేక ఇన్నేళ్లూ తిరిగాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే వెంటనే ఓదారుస్తారు. మావాళ్లకు ఓదార్చడం బాగా వచ్చు. "పోన్లే, నువ్వు మంచికేగా చేశావు" అంటారు. ఆ మాట నాకు వద్దు. నిజం చెప్పాలంటే వద్దని కాదు, ఆ మాట వినాలని చాలా ఉంది, విన్నానంటే అక్కడితో ఆగిపోతానని భయం.

నేను కోవెంట్రీలో సైకాలజిస్టుని. మనసు బాగాలేనివాళ్లతో మాట్లాడటం నా పని. డాక్టరేట్ చేశాను కాబట్టి పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. కానీ నేను మందులిచ్చే డాక్టర్ని కాదు. ఈ దేశంలో సైకాలజిస్టు ఎంత చదివినా, ఎన్నేళ్లు పనిచేసినా మందు రాయడానికి చట్టం ఒప్పుకోదు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, రాయొచ్చు, సైకియాట్రిస్టు రాయొచ్చు, విడిగా శిక్షణ తీసుకున్న నర్సు రాయొచ్చు, ఫార్మసిస్టు రాయొచ్చు. నేను రాయకూడదు. ఒకరికి మందు మొదలుపెట్టమని గానీ, ఆపమని గానీ, సగం చేసుకోమని గానీ చెప్పే హక్కు నాకు లేదు.

దీనిమీద నాకు ఆ రోజుల్లో భలే ఉక్రోషం ఉండేది. ఒక మనిషి కష్టాన్ని నెలల తరబడి వినేది నేను. పది నిమిషాలు చూసి మాత్ర రాసేది ఇంకొకరు. ఏ మందు దేనికిస్తారో, ఏది ఎన్ని వారాలకు పనిచేస్తుందో నాకు నోటికి వచ్చు. వచ్చనుకునేదాన్ని.

మా చర్చిలో ఈ తేడాలేవీ ఎవరికీ పట్టేవి కావు. తెలుగు ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు పెట్టేవాళ్లం. నేను పప్పు వడ్డిస్తుంటే అంకుల్స్ వచ్చి మోకాళ్లు చూపించేవారు, ఆంటీలు ఫోన్లో రక్తపరీక్ష రిపోర్టులు చూపించేవారు. మొదట్లో "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని ప్రతివారికీ చెప్పేదాన్ని. వాళ్లు తలూపి, మళ్లీ వారం ఇంకో రిపోర్టు తెచ్చేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. విసుగొచ్చి మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. విసుగేం కాదు. బాగుండేది, అంతే. ఆఫీసులో ఇవ్వని కుర్చీని ఇక్కడ మర్యాదగా దులిపి వేస్తుంటే కూర్చోకుండా ఉండటం కష్టం.

నన్ను మొదట "డాక్టరక్క" అన్నది కరుణ. హనుమకొండ అమ్మాయి. కేర్ హోమ్‌లో నర్సుగా వచ్చింది. భర్త ప్రభాకర్ గోడౌన్లో పనిచేసేవాడు. నాకంటే పదేళ్లు చిన్నది. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా వంటగదిలోకి నేరుగా వెళ్లి, నేను చేసిన చారు రుచి చూసి, "ఇది చారా అక్కా, ఉడుకు నీళ్లా" అని నవ్వి, తనే పోపు పెట్టింది. అక్కాచెల్లెళ్లు లేని నాకు ఆ చనువు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఆయన పని మీద ఎక్కువగా లండన్లో ఉండేవాడు. పిల్లలు లేరు. కరుణ వస్తేనే ఇంట్లో గొంతులు వినిపించేవి. నేను ఆమెను చాలా ప్రేమించాను. ఇప్పుడూ ప్రేమిస్తున్నాను. ఇది నన్ను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ప్రేమ లేనిచోట ఈ తప్పు జరిగేదే కాదు.

కూతురు గ్రేసీ పుట్టిన మూడు నాలుగు నెలలకు కరుణ మారిపోయింది. నవ్వడం తగ్గింది. చర్చి హాల్లో గిన్నెలు కడుగుతూ, కుళాయి నీళ్ల చప్పుడు చాటున, ఒక రోజు నాతో చెప్పింది.

"పానం మంచిగుంటలేదు అక్కా. నా పిల్లను ఎత్తుకున్న గూడ ఎవ్వలదో పిల్లను ఎత్తుకున్నట్టే ఉంటాంది."

జీపీ దగ్గరికి వెళ్దాం, నేను కూడా వస్తాను అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. కరుణ చేతులు తుడుచుకోకుండానే నా చెయ్యి పట్టుకుంది. జీపీ క్లినిక్‌కి వెళితే రికార్డులో ఎక్కుతుందట. రికార్డులో ఎక్కితే పిన్ను పోతుందట. నర్సులు తమ రిజిస్ట్రేషన్ నంబరును పిన్ను అంటారు. పిన్ను పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే వీసా. అది వట్టి భయమని నాకు తెలుసు. బాలింతకు దిగులు వచ్చిందని ఎవరూ నర్సు రిజిస్ట్రేషన్ తీసెయ్యరు. ఆ మాట ఆమెకు గట్టిగా, పదిసార్లు చెప్పవలసింది. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నాను? ఇక్కడే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. అంతకు ముందు సంవత్సరం మా అమ్మ పోయాక నేనూ అలాగే అయిపోయాను. నేనూ జీపీ దగ్గరికి వెళ్లలేదు. ఊరందరికీ "సాయం అడగటంలో సిగ్గేముంది" అని చెప్పే మనిషిని, నా పేరు మీద దిగులు మందు రాయించుకోవడానికి సిగ్గుపడ్డాను. గుంటూరులో మందుల షాపున్న మా మేనమామ కొడుక్కి ఫోన్ చేసి మందు పేరు చెప్పాను. వాడు ఎవరి చీటీ అని అడగలేదు. "అలాగే వదినా" అన్నాడు. తెలిసినవాళ్లెవరో వస్తుంటే, ఆవకాయ, కందిపొడితో పాటు పంపించాడు.

మన ఇళ్లలో మందుల డబ్బా ఉంటుంది కదా. ఇండియా నుంచి తెచ్చుకున్న జ్వరం మాత్రలు, గ్యాస్ మాత్రలు, దగ్గు సిరప్పు, గడువు దాటినవీ దాటనివీ అన్నీ కలిపి. పక్కింటి తెలుగువాళ్లకు కడుపునొప్పి అంటే జీపీ అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఆ డబ్బానే తీస్తాం. చక్కెర అప్పిచ్చినట్టు మాత్రలిస్తాం. నేను కోలుకున్నాక మిగిలిన దిగులు మాత్రలు అందులోనే, బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయి. ఆ సాయంత్రం డబ్బా తీశాను.

"రోజుకొకటి, పొద్దున టిఫిన్ తిన్నాక" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత నిబ్బరంగా ఉందో నాకు గుర్తుంది. అచ్చం డాక్టర్ లాగే ఉంది. కరుణ మాత్రల్ని కొంగులో మూటకట్టుకున్నంత భద్రంగా కార్డిగన్ జేబులో పెట్టుకుంది. ఆమెకు నేనంటే అంత నమ్మకం. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మంచి పని చేస్తున్నానని తిరిగాయి, చూశారా!

నేను అడగని ప్రశ్నలు చెప్తాను. పిల్ల పాలు తాగుతోందే, ఈ మందు పరవాలేదా అని అడగలేదు. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా, పట్టరాని హుషారుగా ఉన్న రోజులున్నాయా అని అడగలేదు. మీ ఇంట్లో ఎవరికైనా మనసు జబ్బు ఉందా అని అడగలేదు. క్లినిక్‌లో మొదటి రోజే అడిగే ప్రశ్న అది. ఈ మందులు కొందరి విషయంలో దిగులు తగ్గించి ఊరుకోవు, మనిషిని రెండో వైపుకు ఎగరేస్తాయి. నేను చదువుకున్నదే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. మందు పేరు తెలియడమే వైద్యమనుకున్నాను. మందుకు ముందు అడగవలసినవి, మందు తరవాత కనిపెట్టవలసినవి, వాటన్నిటికీ ఒక మనిషి జవాబుదారీగా ఉండటమే వైద్యం. చట్టం నన్ను అవమానించడానికి లేదు. కరుణను కాయడానికి ఉంది. కంచెను నేనే, చేను మేసిందీ నేనే.

రెండు వారాలు బాగానే ఉంది. తరవాత మరీ బాగుంది. మా ఇంటికి వచ్చి అలమారాలన్నీ సర్దింది. గలగలా మాట్లాడింది. పాటలు పాడింది. తెల్లవారకముందే లేచి ఇల్లంతా కడిగిందని ప్రభాకర్ మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. నా చెల్లెలు నాకు తిరిగి వచ్చిందనుకున్నాను. అప్పటికైనా తెలియవద్దా? తెలియలేదా, తెలిసీ చూడలేదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా ఒకే జవాబు రాదు. ఒకరోజు తెలియలేదంటాను. ఇంకోరోజు, ఆమె నా వంటగదిలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటే నా అరచేతులకు చెమట పట్టడం గుర్తొస్తుంది.

ఒక శనివారం మధ్యాహ్నం కరుణ మార్కెట్లో ఒక దుకాణం ముందు గ్రేసీని పసిపిల్లల తోపుడుబండిలో వదిలేసి, దేవుడు పిలుస్తున్నాడని చెప్పి బస్టాండు దాకా నడిచి వెళ్లిపోయింది. అక్కడ రోడ్డు మధ్యలో నిలబడి బైబిల్ వాక్యం చెప్పింది. దుకాణంలో కూరగాయలమ్మే ఆవిడ పిల్లను ఎత్తుకుని కూర్చుంది కాబట్టి పిల్ల దక్కింది. పోలీసులు కరుణను ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రభాకర్ నాకు ఫోన్ చేశాడు.

ఇక ఆ గది. ఇన్నేళ్లుగా నేను రోజూ వెళ్లి వచ్చే గది. అటు సైకియాట్రిస్టు, ఇటు ప్రభాకర్, మధ్యలో నేను. ప్రభాకర్‌కు ఇంగ్లిష్ వచ్చు కానీ ఆ రోజు ఏడుపులో అది నోటికి రాలేదు. సెలవురోజు కాబట్టి ఇంటర్‌ప్రెటర్ దొరకలేదు. నేను కుటుంబ స్నేహితురాలినని, సైకాలజిస్టునని చెప్పాక ఆ డాక్టరు ముఖం తేలికపడింది. ఎంతో మర్యాదగా అడిగింది. ఆమె ఏమైనా మందులు వాడిందా? ఇక్కడివైనా సరే, మీ దేశం నుంచి తెచ్చుకున్నవైనా సరే.

నేను ప్రభాకర్ వైపు తిరిగాను. ఎందుకు తిరిగాను? జవాబు నా దగ్గరే ఉంది కదా. అయినా తిరిగి, ఇంటర్‌ప్రెటర్ లాగా, పొల్లుపోకుండా తెలుగులో అడిగాను.

"కరుణ ఏమైనా మందులు వాడిందా?"

ప్రభాకర్ ఏడుస్తూ నా వైపు చూశాడు. "మీకు తెల్వకుంట ఏం వాడతది అక్కా?" అన్నాడు.

అతనికి మాత్రల సంగతి తెలియదు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. వట్టి నమ్మకం. అక్కకు తెలియకుండా చెల్లెలు మందెలా మింగుతుంది అని. ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి మార్చినా చాలు, ఆ డాక్టరు నన్ను రెండో ప్రశ్న అడిగేది. నేను మార్చలేదు.

"నో," అన్నాను. "నథింగ్."

డాక్టరు రాసుకుంది.

పిల్ల బట్టలు తేవడానికి వాళ్ల ఫ్లాట్‌కి నేనే వెళ్లాను. వంటగదిలో పోపుల డబ్బా వెనక మిగిలిన మాత్రలున్నాయి. తీసుకుని, ఇంటికి వస్తూ దారిలో చెత్తడబ్బాలో వేశాను. గ్రేసీ చిన్న చిన్న సాక్సులు, ఆ మాత్రలు ఒకే సంచిలో ఉన్నాయి. ఆ సంచి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితానికే మొదటిసారి చెబుతున్నాను.

కరుణ చాలా వారాలు వార్డులో ఉంది. బైపోలార్ అన్నారు, దిగులూ పట్టరాని హుషారూ మార్చి మార్చి వచ్చే జబ్బు. తరవాత హనుమకొండ నుంచి వాళ్లమ్మ వీడియో కాల్‌లో, కరుణ మేనమామ ఒకాయన కూడా కొన్నాళ్లు నిద్రాహారాలు లేకుండా ఊళ్లు పట్టుకుని తిరిగేవాడని చెప్పింది. అది విని నాకు లోపల హాయిగా అనిపించింది. ఎంత నీచమైన హాయి! చూశావా, రక్తంలోనే ఉంది, నాదేం లేదు అని. నా మందు లేకపోయినా వచ్చేదేమో. నా మందు లేకపోతే జన్మలో వచ్చేది కాదేమో. దిగులుమందు పడ్డాక వచ్చిన ఆ ఉప్పెనను మందు సంగతి తెలిసిన డాక్టరు ఎలా చూసేవారో, ఏ పేరు పెట్టేవారో, ఏ వైద్యం చేసేవారో. తెలియదు. తెలియకుండా చేసింది నేను.

కాస్త నెమ్మదించాక, వార్డులో నా చెవి దగ్గరికి వచ్చి కరుణ ఒక మాట చెప్పింది. "నేను ఎవ్వలకు చెప్పలే అక్కా. మీ పిన్ను గూడ పోవద్దు గదా."

నేనిచ్చిన మందుతో తను బాగే అయ్యిందని, ఆ తరవాత ఈ రోగం వచ్చిందని ఆమె నమ్మకం. ఆ స్థితిలో కూడా నన్ను కాపాడింది. నేను ఆమె తల నిమిరాను. "పడుకోమ్మా" అన్నాను. చెప్పడానికి దేవుడిచ్చిన సమయం అది. పడుకోమన్నాను.

ఆ తరవాత వాళ్ల ఇంటికి నేనెంత చేశానో చర్చిలో అందరూ చెప్పుకుంటారు. గ్రేసీని బడి నుంచి తెచ్చాను. కరుణ ప్రతి క్లినిక్ అపాయింట్‌మెంట్‌కీ పక్కన కూర్చున్నాను. కరుణ మళ్లీ ఉద్యోగంలో చేరింది, కానీ తక్కువ రోజులు. మందు వల్ల చేతులు సన్నగా వణుకుతాయి. సూది గుచ్చే పని ఇంక చెయ్యదు. రెండో బిడ్డ కావాలని ఎంతో ఉండేది. మళ్లీ కాన్పంటే మళ్లీ ఆ గండం అని ప్రభాకర్ వద్దన్నాడు. ఆమె ఏడ్చింది నా భుజం మీదే. "మీరు లేకుంటే నేనేమైపోదునో" అంటుంది ఇప్పటికీ. ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి స్టవ్ దగ్గరికి వెళ్లిపోతాను.

ఈ మధ్య మా ఆఫీసులో ఒక సహోద్యోగి వచ్చి, సైకాలజిస్టులకు కూడా శిక్షణ ఇచ్చి మందులు రాసే హక్కు ఇవ్వాలా వద్దా అని చర్చ పెడుతున్నాం, హక్కు కావాలనే వైపు నువ్వు మాట్లాడు అన్నాడు. నీ అంత జాగ్రత్తపరురాలు ఇక్కడ లేరన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అవసరం లేనన్ని సాకులు చెప్పి తప్పించుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పించింది గ్రేసీ.

స్విమ్మింగ్ క్లాసు నుంచి కార్లో తీసుకొస్తున్నాను. వెనక సీట్లో తడి జుట్టుతో కూర్చుంది. దాని వాగుడంతా ఇంగ్లిష్‌లోనే, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో. అమ్మకు వచ్చినట్టు నాకూ పిచ్చి వస్తుందా ఆంటీ అని అడిగింది. ఏదో హోంవర్క్ సంగతి అడిగినంత మామూలుగా అడిగింది. ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకుంటే అంత మామూలుగా వస్తుంది ఆ మాట? పదేళ్ల పిల్ల. నేను కారు పక్కకు ఆపాను. రాదమ్మా అనలేను. వస్తుందనలేను. ఆ పిల్ల భయంలో ఎంత భాగం నిజమో, ఎంత భాగం నేను దాచిన మాటో నాకే తెలియదు.

మర్నాడు కరుణను పార్కు పక్కన కార్లోనే కూర్చోబెట్టి చెప్పాను. మందు సంగతి ఆమెకు తెలుసు. తెలియనిది చెప్పాను. ఆ మందే ఆమెను అలా ఎగరేసి ఉండొచ్చని, డాక్టరు అడిగితే లేదన్నానని, మిగిలినవి పారేశానని. ఏడవకూడదని ముందే అనుకున్నాను. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుంది. ఏడవలేదు.

కరుణ తన చేతుల వైపు చూసుకుంది. తరవాత అడిగింది.

"అంటే, నాకు ఆ రోగం లేదా అక్కా?"

ఎంత ఆశ ఉందో ఆ గొంతులో. లేదమ్మా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. రేపటి నుంచి ఆ మాత్రలు మానెయ్, చేతులు వణకవు, ఇంకో బిడ్డను కను అని చెప్పాలని. నేను చెబితే వినేది కూడా.

"నాకు తెలియదు," అన్నాను. "అది చెప్పవలసిన డాక్టర్ని నేను కాదు. వాళ్లకు అంతా చెబుదాం. వాళ్లు చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా ఆపకు."

ఆమె కారు దిగి నడిచి వెళ్లిపోయింది. ఆ తరవాత ఫోన్ చెయ్యలేదు. క్లినిక్‌కి నన్ను రమ్మనలేదు. మా మేనేజర్‌కు నేను చెప్పాను. నాకు రిజిస్ట్రేషన్ ఇచ్చినవాళ్లకూ తెలియజేశాను. విచారణ ఉంటుందన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అది నాకు ఇప్పుడు అంత పెద్ద సంగతిగా లేదు. ఆదివారం చర్చిలో వాళ్లు కూర్చునే వరస ఖాళీగా ఉంటోంది. అది పెద్ద సంగతి.

నిన్న ప్రభాకర్ ఫోన్ చేశాడు. వెనక క్లినిక్‌లో మాటలు వినిపిస్తున్నాయి.

"ఆ మందు పేరేంది?" అన్నాడు. అక్కా అనలేదు.

చెప్పాను. అతను పక్కనున్న డాక్టరుకు చెప్పబోయి, పలకలేక ఆగాడు. ఇంగ్లిష్ అక్షరాలు చెప్పమన్నాడు. ఒక్కో అక్షరమే చెప్పాను. అతను ఒక్కో అక్షరమే పైకి అన్నాడు. అవతల ఎవరో టైపు చేస్తున్న చప్పుడు. చివరి అక్షరం అయ్యాక, ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎవరిచ్చారు అని అడిగాడు. అన్నీ చెప్పాను. ఆఖరి ప్రశ్నకు నా పూర్తి పేరు చెప్పాను.